రెండు విమానాశ్రయాల మధ్య: దూరం ఎంత? కాలం ఎంత?



నేటి ప్రసంగంలో రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఎలా లెక్కగడతారో, ఆ దూరాన్ని బట్టి ప్రయాణకాలాన్ని ఎలా అంచనా వేయాలో తెలుసుకుందాం. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మనం చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. ఆ సూత్రం తప్పు కాదు. కాని విమాన ప్రయాణంలో ఏ దూరాన్ని, ఏ వేగంతో భాగించాలన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

ఉదాహరణలకు పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా తీసుకుంటున్నాను. ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, అక్కడ తరతరాలుగా వేలాది తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. సొంత ఊరు ఎంత దూరం, ఎంతసేపట్లో చేరగలం అన్నది వారికి నిత్యజీవితపు లెక్క. రెండు, 1944లో ఆ పట్టణం చుట్టుపక్కల నుంచే ఆనాటి ప్రపంచంలోకెల్లా సుదూరమైన విమాన ప్రయాణాలు కొన్ని జరిగాయి. దూరానికీ కాలానికీ మధ్య ఉన్న సంబంధాన్ని వాటికంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

ఇనుప దారి, గాలి దారి

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వేతో పుట్టి పెరిగిన పట్టణం. 1902లో తూర్పు కోస్తా రైలు మార్గంలోని ఉత్తర భాగం, అంటే వాల్తేరు నుంచి కటక్ వైపు సాగే భాగం, ఆ కంపెనీ చేతికి వచ్చింది. దానితో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు దారి తెరుచుకుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళినవారు ఆ వర్క్‌షాపులోను, లోకో షెడ్లలోను, లైను మీద పనుల్లోను చేరి అక్కడే స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి, న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

రైల్వే వారికి దూరం అంటే పట్టాల పొడవు. పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి పట్టాల మీద దూరం సుమారు 765 కి.మీ. బాలేశ్వర్, భద్రక్, కటక్, ఖుర్దా రోడ్, బ్రహ్మపూర్, పలాస, శ్రీకాకుళం రోడ్ మీదుగా పట్టాలు ఎక్కడ వంగితే దూరమూ అక్కడ వంగుతుంది. నదిని ఎక్కడ దాటాలి, కొండను ఎటునుంచి చుట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఆ 765లో కలిసి ఉన్నాయి.

గాలిలో పట్టాలు లేవు, రాళ్ళూ లేవు. కాబట్టి అక్కడ దూరాన్ని కొలవరు, లెక్కగడతారు. అందుకు రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు.

గోళం మీద తిన్నని గీత

ఒక బంతిని తీసుకోండి. దాని మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య ఒక దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోండి. దారం ఏ దారిలో నిలుస్తుందో అదే ఆ రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి. ఆ దారాన్ని అలాగే ముందుకు పొడిగిస్తే బంతి చుట్టూ తిరిగి వచ్చి, బంతిని సరిగ్గా రెండు సమభాగాలు చేస్తుంది. అటువంటి వృత్తాన్ని మహావృత్తం అంటారు. విమాన దూరాలన్నీ ఈ మహావృత్తం వెంట లెక్కించినవే.

భూమి సంపూర్ణమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. కాని మన లెక్కకు దానిని గోళంగా భావిస్తే వచ్చే తేడా చాలా స్వల్పం. భూమి చుట్టుకొలత సుమారు 40,030 కి.మీ. దానిని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక్కొక్క డిగ్రీకి 111.2 కి.మీ. వస్తుంది. ఈ 111.2 అన్న సంఖ్యను గుర్తుంచుకోండి. మిగతా పనంతా దానితోనే.

చేతితో చేయగల లెక్క

ఖరగ్‌పూర్ అక్షాంశం 22.33 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 87.32 డిగ్రీల తూర్పు. విశాఖలో నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగా రన్‌వేను గుర్తుగా తీసుకుందాం. దాని అక్షాంశం 17.72, రేఖాంశం 83.22.

మొదటి మెట్టు: అక్షాంశాల తేడా 4.61 డిగ్రీలు. దీనిని 111.2తో గుణిస్తే 513 కి.మీ. ఇది ఉత్తర దక్షిణ దిశలో దూరం.

రెండవ మెట్టు: రేఖాంశాల తేడా 4.10 డిగ్రీలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రేఖాంశాలు భూమధ్యరేఖ వద్ద దూరదూరంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందువల్ల రెండు అక్షాంశాల సగటును తీసుకొని దాని కొసైన్ విలువతో గుణించాలి. సగటు సుమారు 20 డిగ్రీలు, దాని కొసైన్ 0.94. అంటే 4.10ని 111.2తోను, 0.94తోను గుణించాలి. వచ్చేది 429 కి.మీ. ఇది తూర్పు పడమరల దూరం.

మూడవ మెట్టు: ఈ రెండూ లంబకోణ త్రిభుజంలోని రెండు భుజాలు. వాటి వర్గాలను కలిపి వర్గమూలం కడితే కర్ణం, అంటే సుమారు 668 కి.మీ. వస్తుంది.

రైలు దూరం 765, గగన దూరం 668. తేడా దాదాపు 100 కి.మీ. మాత్రమే. అంటే తూర్పు కోస్తా మార్గాన్ని వేసినవారు తిన్నని గీతకు చాలా దగ్గరగానే పట్టాలు పరిచారన్నమాట.

అయితే ఖరగ్‌పూర్‌లో పౌర విమానాశ్రయం లేదు. దగ్గరలో ఉన్న కలైకుండా భారత వైమానిక దళానిది. సాధారణ ప్రయాణికుడు కోల్‌కతాలోని దమ్‌దమ్‌కు వెళ్ళాలి. దమ్‌దమ్ నుంచి విశాఖకు ఇదే పద్ధతిలో లెక్క కడితే 773 కి.మీ. వస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. విశాఖ ఖరగ్‌పూర్‌కు నైరుతి దిశలో ఉంది. కాని విమానం ఎక్కడానికి మనం ఈశాన్యంగా, తిన్నగా చూసినా 120 కి.మీ. వెనక్కు పోవాలి. ఆ రెండు విమానాశ్రయాలను కలిపే గీత ఖరగ్‌పూర్‌కు సుమారు 60 కి.మీ. దూరం నుంచే పోతుంది. అంటే ప్రయాణికుడు తాను బయలుదేరిన ఊరి సమీపానికే ఆకాశంలో తిరిగి వస్తాడు.

పెద్ద దూరాలలో ఈ పద్ధతి ఎందుకు పనికిరాదు?

పైన మనం చేసింది భూమి ఉపరితలాన్ని బల్లపరుపుగా భావించి చేసిన లెక్క. కొన్ని వందల కిలోమీటర్ల వరకు అది చక్కగా సరిపోతుంది. వేల కిలోమీటర్లకు వెళ్ళేసరికి తప్పుతుంది. ఎంతగా తప్పుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి అమెరికాలోని షికాగోకు నేరుగా విమానాన్ని ప్రారంభించింది. విమాన సర్వీసులు వస్తుంటాయి, పోతుంటాయి. దూరం మాత్రం మారదు. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. షికాగో 41.98 ఉత్తరం, 87.90 పడమర. రేఖాంశాల తేడా 166.33 డిగ్రీలు. పాత పద్ధతిలో లెక్క కడితే 16,300 కి.మీ. వస్తుంది.

ఇప్పుడు గోళానికి తగిన సూత్రాన్ని వాడదాం. రెండు అక్షాంశాల సైన్ విలువల లబ్ధానికి, ఆ అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌ను గుణించగా వచ్చిన లబ్ధాన్ని కలపాలి. మన ఉదాహరణలో మొదటి భాగం 0.198, రెండవ భాగం మైనస్ 0.690. మొత్తం మైనస్ 0.492. ఏ కోణానికి కొసైన్ ఇంత ఉంటుందో చూస్తే సుమారు 119.4 డిగ్రీలు. దానిని 111.2తో గుణిస్తే 13,280 కి.మీ. చూశారా, 3,000 కి.మీ. తేడా వచ్చింది!

ఈ దారి ఎటు పోతుంది? గోడ మీది పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి షికాగోకు పడమరగా, అరేబియా, ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగా పోవాలనిపిస్తుంది. నిజానికి ఈ మహావృత్తం దాదాపు నేరుగా ఉత్తరానికి లేచి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతంలోకి పోయి, అవతలి వైపు దిగుతుంది. పటం తప్పు కాదు. గోళాన్ని కాగితం మీద పరిచినప్పుడు ధ్రువప్రాంతాలు సాగిపోతాయి, అంతే.

దూరం కాలంగా మారేటప్పుడు

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. జెట్ విమానం నిలకడ వేగం గంటకు 800 కి.మీ. పైచిలుకు. ఆ లెక్కన దమ్‌దమ్ నుంచి విశాఖకు గంట కూడా పట్టకూడదు. కాని టికెట్టు మీద దాదాపు గంటన్నర ఉంటుంది. ఎందుకని?

విమాన సంస్థలు చెప్పే కాలం గాలిలో ఉన్న కాలం కాదు. ఒక విమానాశ్రయంలో విమానం తన స్థానం నుంచి కదిలినప్పటి నుంచి, రెండవచోట ఆగి నిలిచే వరకు ఉన్న కాలం. దీనిని బ్లాక్ టైమ్ అంటారు. నేల మీద నెమ్మదిగా నడవడం, రన్‌వే దగ్గర వరుసలో ఆగడం, పైకి ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించుకొని చుట్టు తిరగడం, ఇవన్నీ అందులో ఉంటాయి. దూరం తక్కువైనా ఎక్కువైనా ఈ భాగం పెద్దగా మారదు. అందువల్లనే దగ్గరి ప్రయాణాలలో సగటు వేగం చాలా తక్కువగా కనిపిస్తుంది.

రెండవది గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ ప్రవాహాలుంటాయి. ఒక లెక్క చేద్దాం. దూరం 6,300 కి.మీ., విమానం వేగం 800, గాలి వేగం 100 అనుకోండి. గాలి తోడుగా ఉన్నప్పుడు వేగం 900, కాలం 7 గంటలు. ఎదురుగా ఉన్నప్పుడు వేగం 700, కాలం 9 గంటలు. రానూ పోనూ 16 గంటలు. గాలి లేకపోతే 15 గంటల 45 నిమిషాలే. పోయేటప్పుడు కలిసివచ్చినది వచ్చేటప్పుడు పోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి, నష్టం ఎప్పుడూ లాభాన్ని మించే ఉంటుంది.

మూడవది దేశాల సరిహద్దులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం ఐరోపా విమానాలకు మూతపడింది. ఫిన్లాండ్‌కు చెందిన ఫిన్‌ఎయిర్ హెల్సింకీ నుంచి టోక్యోకు అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో చేరేది. ఆ తరువాత 13 గంటలు పట్టసాగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు వెళ్ళే ప్రయాణాలూ అలాగే సాగిపోయాయి. నగరాలు కదలలేదు, మహావృత్తమూ మారలేదు, కాలం మారింది.

నాలుగవది గడియారం. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12.30కు బయలుదేరి, అదే రోజు సాయంత్రం 6 గంటలకు షికాగోలో దిగారనుకోండి. ప్రయాణం ఐదున్నర గంటలా? కాదు. శీతాకాలంలో షికాగో గడియారం మనకంటె పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. రెండూ కలిపితే అసలు ప్రయాణం 17 గంటలు.

ఖరగ్‌పూర్, 1944

ఇంతవరకు చెప్పిన విషయాలతోపాటు మనం ఇంకా చెప్పుకోని మరో విషయాన్ని, అంటే ఇంధనాన్ని, ఖరగ్‌పూర్ చరిత్ర మన ముందుంచుతుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం బి-29 అనే నాలుగు ఇంజన్ల భారీ బాంబర్ విమానాలను తయారుచేయించింది. వాటిని నడిపే ఇరవయ్యవ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం 1944లో ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో ఏర్పడింది. ఆ భవనం అంతకుముందు స్వాతంత్ర్య యోధులను ఉంచిన హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినది అక్కడే. 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనదీ ఆ భవనంలోనే. బాంబర్ల కోసం ఖరగ్‌పూర్ సమీపంలోని సలువాతోపాటు చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీలలో రన్‌వేలు సిద్ధం చేశారు.

లక్ష్యం జపాన్. కాని ఖరగ్‌పూర్ నుంచి జపాన్‌ను అందుకొని తిరిగి రావడం ఆ విమానాల వల్ల కాదు. అందుకని చైనాలోని చెంగ్‌డూ దగ్గర లక్షలాది చైనా కార్మికులు చేతులతో నిర్మించిన రన్‌వేలను మధ్య మజిలీగా వాడుకున్నారు. ఖరగ్‌పూర్ నుంచి చెంగ్‌డూకు మన సూత్రం ప్రకారం సుమారు 1,900 కి.మీ. నిలకడ వేగం గంటకు దాదాపు 350 కి.మీ. కాబట్టి ఐదున్నర గంటలు. కాగితం మీద ఇది సులభంగానే కనిపిస్తుంది.

కాని ఆ దారిలో హిమాలయాల తూర్పు కొసన ఉన్న కొండల వరుసలను దాటాలి. వైమానికులు ఆ భాగాన్ని ‘హంప్’, అంటే మూపురం అనేవారు. అక్కడి తుఫానులకు, ఎదురుగాలులకు, మంచుకు ఎన్నో విమానాలు బలయ్యాయి. పైగా చెంగ్‌డూలో పెట్రోలు దొరకదు. ప్రతి చుక్కా భారతదేశం నుంచి విమానాల్లోనే పోవాలి. మోసుకుపోయే విమానం తానే దారిలో ఇంధనాన్ని తాగుతుంది, తిరిగి రావడానికీ కొంత ఉంచుకోవాలి. మిగిలినదే అక్కడ దించగలదు. జపాన్ మీద ఒక్క దాడికి ముందు అనేకసార్లు ఈ మూపురాన్ని దాటి ఇంధనం కూడబెట్టవలసి వచ్చేది. దూరం కాలాన్నే కాక బరువును కూడా తింటుందన్న పాఠం ఇక్కడ ఉంది.

1944 జూన్ 5న ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నుంచి 98 బి-29లు బ్యాంకాక్‌కు బయలుదేరాయి. అది ఆ విమానాల మొదటి యుద్ధ ప్రయాణం. లక్ష్యం అక్కడి మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. ఒక రైల్వే వర్క్‌షాపు పట్టణం నుంచి మరో రైల్వే వర్క్‌షాపును కూల్చడానికి పోయారన్నమాట. లెక్క ప్రకారం ఖరగ్‌పూర్ నుంచి బ్యాంకాక్ 1,690 కి.మీ., రానూ పోనూ 3,380. కాని నాటి రికార్డులలో ఆ ప్రయాణం 2,261 మైళ్ళు, అంటే సుమారు 3,640 కి.మీ. ఆ తేడా 260 కి.మీ. యుద్ధంలో ఎవరూ తిన్నని గీత వెంట పోలేరు. శత్రువును తప్పించుకోవాలి, గుర్తులను పట్టుకొని దారి సరిచూసుకోవాలి. ఆ అదనపు దూరానికి తగిన ఇంధనం లేకపోతే తిరిగి రావడం కష్టం. ఆ రోజు పోయిన విమానాలు శత్రువు కాల్పుల వల్ల కాక ప్రమాదాల వల్లనే పోయాయి.

పది రోజుల తరువాత, జూన్ 15న, చెంగ్‌డూ నుంచి బయలుదేరిన విమానాలు జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేశాయి. చెంగ్‌డూ నుంచి యవాటా సుమారు 2,530 కి.మీ. అదే ఏడాది అమెరికా సైన్యం పసిఫిక్‌లోని మరియానా దీవులను పట్టుకుంది. అక్కడి నుంచి టోక్యో కూడా దాదాపు అంతే దూరం. అయినా 1945 తొలి నెలల్లో బి-29లు ఖరగ్‌పూర్ ప్రాంతాన్ని వదిలి ఆ దీవులకు తరలిపోయాయి. ఎందుకంటే దీవులకు ఇంధనం ఓడల్లో వస్తుంది, హిమాలయాలు దాటనక్కరలేదు. రెండు చోట్ల నుంచీ దూరం ఇంచుమించు ఒకటే అయినా, ఒకటి అసాధ్యానికి దగ్గర, మరొకటి సుసాధ్యం. పటంలో గీత గీసి నిర్ణయం చేసేవారు మరువకూడని విషయం ఇది.

ఇంటి నుంచి ఇంటికి

యుద్ధం మాట అలా ఉంచి, మన కుటుంబాల దగ్గరకు వద్దాం. ఊరి నుంచి ఒక కబురు వచ్చింది. తల్లికి ఒంట్లో బాగాలేదు, లేదా మరునాడు ఇంటర్వ్యూ ఉంది. ఖరగ్‌పూర్ నుంచి రైలా, విమానమా? చాలామంది విమానమే వేగం అనుకొని డబ్బు ఖర్చుపెడతారు. లెక్క వేద్దాం.

ఇంటి నుంచి దమ్‌దమ్‌కు మూడున్నర గంటలు. అక్కడ తనిఖీలకు ముందుగా చేరవలసిన సమయం 2 గంటలు. బ్లాక్ టైమ్ గంటన్నర. దిగి బయటపడడానికి అరగంట. మొత్తం ఏడున్నర గంటలు. ఇది నేరుగా పోయే విమానం అనుకూలమైన వేళకు దొరికిన రోజు మాట. రైలైతే విశాఖకు వేగమైన ఎక్స్‌ప్రెస్‌లో 11, 12 గంటలు. విశాఖవాసికి విమానం నాలుగు గంటలు ఆదా చేస్తుంది.

విజయనగరం వాసి సంగతి వేరు. రైలు విశాఖకంటె ముందే, గంట తక్కువలో, విజయనగరం చేరుతుంది. విమానంలో వచ్చినవాడు విశాఖ నుంచి వెనక్కు 60 కి.మీ. పోవాలి. ఆదా అయ్యేది ఒకటి రెండు గంటలే. పలాస వాసికైతే లెక్క తిరగబడుతుంది. ఖరగ్‌పూర్ నుంచి పలాస పట్టాల మీద సుమారు 560 కి.మీ., అక్కడ ఆగే రైలు ఎనిమిది తొమ్మిది గంటల్లో దింపుతుంది. విమానంలో విశాఖ చేరి, రోడ్డు మీద 200 కి.మీ. వెనక్కు వస్తే పదకొండు గంటలు దాటుతుంది. హైదరాబాద్‌కైతే సందేహం లేదు. రైలుకు దాదాపు ఒక పూర్తి రోజు, విమానానికి ఎనిమిది తొమ్మిది గంటలు.

దీని నుంచి ఒక సులభమైన సూత్రం తీయవచ్చు. విమానంలో కూర్చోవడానికి ముందూ, దిగిన తరువాతా మీకు పట్టే కాలాన్ని ముందు లెక్కించండి. ఆ కాలంలో రైలు ఎంత దూరం పోతుందో చూడండి. ఖరగ్‌పూర్ నుంచి అది 6 గంటలు, అంటే గంటకు 70 చొప్పున 420 కి.మీ. మీ ఊరు ఆ హద్దులోపల ఉంటే విమానం గురించి ఆలోచించనక్కరలేదు.

మీరే చేసి చూడండి

ఒకటి: భువనేశ్వర్ విమానాశ్రయం 20.24 ఉత్తరం, 85.82 తూర్పు. ఖరగ్‌పూర్ నుంచి గగన దూరం కట్టండి. జవాబు 280 కి.మీ.కు దగ్గరగా రావాలి. రైలు దూరం సుమారు 320 కి.మీ.

రెండు: పైన చేసిన 6,300 కి.మీ. లెక్కలో గాలి వేగాన్ని 200 చేయండి. రానూ పోనూ నష్టం పావుగంట నుంచి గంటకు పైగా పెరుగుతుంది. గాలి రెట్టింపయితే నష్టం నాలుగింతలకు పైనే ఎందుకయిందో ఆలోచించండి.

మూడు: మీ ఇంటి నుంచి మీ బంధువుల ఇంటికి, గుమ్మం నుంచి గుమ్మానికి, రెండు దారుల్లోనూ కాలాన్ని మెట్లు మెట్లుగా రాసుకోండి.

సారాంశం

రెండు విమానాశ్రయాల మధ్య దూరం మహావృత్తం మీద లెక్కించేది, అది స్థిరం. దగ్గరి దూరాలకు లంబకోణ త్రిభుజం చాలు, సుదూరాలకు గోళ సూత్రం కావాలి. ప్రయాణకాలం మాత్రం గాలిని, ఎత్తును, ఇంధనాన్ని, సరిహద్దులను, నేల మీది ఏర్పాట్లను బట్టి మారుతూ ఉంటుంది. కనుక ఎవరైనా దూరం చెప్పి కాలాన్ని ఊహించుకోమంటే, ముందు ఈ ఐదింటి సంగతి అడగండి.

వచ్చే ప్రసంగంలో అక్షాంశ రేఖాంశాలను ఉపగ్రహాల సాయంతో ఎలా గుర్తిస్తారో తెలుసుకుందాం. అంతవరకు సెలవు. నమస్కారం.